దాహస్థానం

"పదో తరగతి పుస్తకం రాసినవాళ్ళని ఒక్కసారి నా ఎదురుగా కూర్చోబెట్టు సుభా, రెండు మాటలు అడుగుతాను" అంది రమణకుమారి, తెర మీద గొర్రె పిండం బొమ్మని పెన్నుతో టకటకా కొడుతూ. "పాంక్రియాస్‌కి క్లోమం అని పేరు తగిలించేసి చేతులు దులుపుకున్నారు. పాత వైద్యులు క్లోమం అంటే దాహానికి ఇల్లన్నారు. పాంక్రియాస్‌కీ దాహానికీ ఏమిటే సంబంధం?"

"షుగర్ వస్తే దాహం వెయ్యదా మేడమ్?" అంది సుభాషిణి నవ్వు ఆపుకుంటూ.

"వేస్తుంది. మిరపకాయ బజ్జీ తిన్నా వేస్తుంది. దాన్ని కూడా క్లోమం అందామా?"

ఈ తగువు ఆ ల్యాబులో ఆరేళ్ళుగా నడుస్తోంది. గన్నవరం రోడ్డు మీద, గొర్రెల పాకని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు అది. పేరుకి మాత్రం పరిశోధన సంస్థ. రమణకుమారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, నోరు కాస్త పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. సుభాషిణిది పిండశాస్త్రం. కడుపులో బిడ్డ ఏ రోజు ఏ అవయవం తొడుగుతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు. ఒకరు ప్లీహం అంటే ఇంకొకరు స్ప్లీన్ అనేవారు. మిగతా వాటికన్నిటికీ జతలు కుదిరాయి కానీ క్లోమం దగ్గరే బండి ఆగిపోయింది. పెద్దవాళ్ళ శరీరంలో ఎక్కడ కోసి చూసినా పాతవాళ్ళు చెప్పిన చోట, అంటే గుండెకి దిగువన కుడివైపు, అలాంటిదేదీ లేదు.

లేకపోవడానికి కారణం గొర్రెలు చూపించాయి. అది పెద్దవాళ్ళ అవయవం కాదు. పిండంలో గుండె పక్కన ఆవగింజంత మొగ్గగా పుట్టి, నాలుగో నెలలో కాలేయం కిందకి జారి అక్కడ వేరూనుతుంది. కొద్ది రోజులు పనిచేసి, ఒంట్లో నీరు తగ్గితే ఎలా అడగాలో మెదడుకి నేర్పి, కరిగిపోతుంది. కొత్త రకం స్కానర్ లేకపోతే దాన్ని ఎవరూ చూసి ఉండేవారు కాదు. మొగ్గ బద్ధకించిన గొర్రెల్లో ఉమ్మనీరు ఎండిపోయి పిల్ల చచ్చిపోయేది. ఆ మొగ్గకి సరైన రోజున సన్నటి ధ్వని తరంగం తగిలిస్తే మేలుకునేది, నీరు ఊరేది. పదకొండు గొర్రెల్లో పదకొండూ బతికాయి.

పదకొండో పిల్ల పాకలో గెంతుతున్న రోజునే సుభాషిణి చెల్లెలు సునంద ఫోన్ చేసింది. "అక్కా, మళ్ళీ నెల తప్పింది" అంది. అందులో సంతోషం లేదు. సునందకి అంతకుముందు రెండు కడుపులు అయిదో నెలలోనే పోయాయి. రెండుసార్లూ ఉమ్మనీరే ఎండిపోయింది. తల్లి పోయాక పదేళ్ళ సునందకి జడలు వేసి, అన్నం కలిపి పెట్టి పెంచింది సుభాషిణే. ఆ రెండుసార్లూ ఆసుపత్రి వరండాలో చెల్లెలి ఏడుపు విన్న మనిషికి పదకొండు గొర్రెలు బతికాయన్న సంగతి ఎలా కుదురుగా కూర్చోనిస్తుంది?

నైతిక కమిటీ ఒక్క కేసుకి అనుమతి ఇచ్చింది. సునంద సంతకం చేసింది. ఆమె భర్త సాంబ కరెంటు ఆఫీసులో లైన్‌మేన్, ఎంత ఎత్తు స్తంభమైనా జంకకుండా ఎక్కేవాడు, ఆ కాయితం మీద సంతకం చేసేటప్పుడు మాత్రం పెన్ను రెండుసార్లు కింద పెట్టాడు. "వదినా, నాకిదేం అర్థం కాదు. నువ్వు చెయ్యమంటే చేస్తాను" అన్నాడు. ఆ నమ్మకం సుభాషిణి మీద బరువుగానే పడింది, కానీ ఆమెకి ఆనాడు భయం కన్నా ఆశే ఎక్కువగా ఉంది.

పిండం తొంభై ఎనిమిదో రోజున తరంగం తగలాలి. గొర్రె రోజుల్ని మనిషి రోజులకి సాగదీసి ఆ పట్టిక తయారుచేసింది సుభాషిణి. పాతవాళ్ళు చెప్పిన నాలుగో నెలతో సరిపోతోందని సరిచూసింది రమణకుమారి. సునంద ఆసుపత్రి కార్డు మీద సరిగ్గా పద్నాలుగు వారాలు నిండిన రోజున, ఉదయం పదిన్నరకి, బల్ల మీద పడుకోబెట్టి పని పూర్తి చేశారు. నాలుగు నిమిషాలు పట్టింది. స్కానర్‌లో ఆవగింజంత మచ్చ ఒకసారి అదిరింది.

"అంతేనా?" అంది సునంద. "చీమ కుట్టినట్టు కూడా లేదు."

"అంతే" అంది సుభాషిణి. చెల్లెలి నుదురు తుడిచి, దారిలో కొబ్బరిబొండం తాగించి ఇంటికి పంపింది.

మూడో రోజున సాంబ ఫోన్ చేశాడు. "వదినా, సునంద తెగ నీళ్ళు తాగతా ఉంది. మంచిదేగా?"

"మంచిదే" అంది సుభాషిణి. తరంగం పనిచేసిందనుకుని లోలోపల మురిసిపోయింది కూడా.

అయిదో రోజున వెళ్ళి చూసేసరికి ఆ మురిపెం కాస్తా ఆవిరైపోయింది. సునంద వంటింటి గుమ్మంలో బిందె పక్కనే చతికిలబడి ఉంది. గ్లాసు ముంచడం, గటగటా తాగడం, మళ్ళీ ముంచడం. జాకెట్టు తడిసిపోయింది. కళ్ళ కింద ఉబ్బు. అక్కని చూసి కూడా గ్లాసు దించలేదు.

"ఎన్నో బిందె ఇది?"

"రెండోది. పొద్దున్నించి." సునంద మూతి తుడుచుకుంది. "కడుపు పగిలిపోతందక్కా. గొంతు తడిగానే ఉంది, నోరు తడిగానే ఉంది. అయినా దప్పికే. ఇది నా దప్పిక కాదక్కా. ఎవరో లోపల్నించి అడుగుతున్నట్టుంది."

నాలుగో నెలలో తల్లికి రెండు గుండెలుంటాయనీ, బిడ్డ కోరేది తల్లి నోట వస్తుందనీ, ఆ కోరిక తీర్చకపోతే బిడ్డకి చేటనీ రమణకుమారి ఎన్నోసార్లు చెప్పింది. అదంతా వేవిళ్ళకి పెట్టిన అందమైన పేరని సుభాషిణి నవ్వేసేది. ఇప్పుడు నవ్వు రాలేదు. చెల్లెల్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

నూట ముప్పై అయిదుకి పైన ఉండాల్సిన సోడియం నూట పద్దెనిమిదికి దిగిపోయి ఉంది. నీళ్ళు ఎక్కువై రక్తంలో ఉప్పు పలచబడిపోయింది. పెద్ద డాక్టరమ్మ రిపోర్టు చూసి, "వెంటనే నీళ్ళు ఆపండి. గ్లాసు కూడా కనపడకూడదు" అంది. ఆపేశారు. సాయంత్రానికి సునంద మంచం కమ్మీలు పట్టుకుని ఏడ్చింది, తిట్టింది, పక్క మంచం పేషెంటు సీసా లాక్కోబోయింది. ఉప్పు మాత్రం కాస్త పైకి వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మర్నాడు ఉదయం స్కాన్ తీస్తే ఉమ్మనీరు సగానికి పడిపోయింది.

మళ్ళీ నీళ్ళిచ్చారు. ఉమ్మనీరు ఊరింది. మధ్యాహ్నానికి సునందకి ఫిట్స్ వచ్చాయి.

సాంబ వరండాలో గోడకి చేరగిలబడి నేల మీద కూర్చున్నాడు. "ఏంది వదినా ఇది? నీళ్ళిస్తే ఇది పోతంది, ఇవ్వకపోతే అది పోతంది. ఏం చెయ్యమంటావు నన్ను?" అన్నాడు. సుభాషిణి ల్యాబుకి ఫోన్ కలిపింది.

ల్యాబులోని స్కానర్‌ని వ్యాన్‌లో ఆసుపత్రికి తెప్పించారు. ముందు పిండాన్ని చూశారు. ఆవగింజ లేదు. కాలేయం కింద చోటు ఖాళీగా ఉంది. సుభాషిణి అదే చోట పదిసార్లు వెతికింది. రమణకుమారి ఏమనుకుందో ఏమో, స్కానర్‌ని పక్కకి జరిపి సునంద కుడి పక్కటెముకల కింద పెట్టింది. తెర మీద నాలుగు మచ్చలు మినుకు మినుకుమన్నాయి.

"తల్లిలో ఉన్నాయే!" అంది రమణకుమారి. ఆమె గొంతు అంత చిన్నగా రావడం సుభాషిణి ఎన్నడూ వినలేదు.

మొగ్గ వేరూనకముందే తరంగం తగిలితే ముక్కలైపోతుంది. ముక్కలు బొడ్డుతాడు దాటి తల్లి రక్తంలోకి కొట్టుకొస్తాయి. వచ్చి, తాము చేరాల్సిన చోటు లాంటిదే తల్లిలో వెతుక్కుని కూర్చున్నాయి. బిడ్డ కబురు రక్తంలో అందుతున్నంతకాలం అవి తల్లి నోటితో నీళ్ళు అడుగుతూనే ఉంటాయి. ఇంతవరకూ ఇద్దరికీ ఒక్క నిమిషంలో అర్థమైంది. అర్థం కానిది ఒక్కటే. వేరూనకముందు ఎలా తగిలింది? తొంభై ఎనిమిదో రోజునే కదా తగిలించారు?

రమణకుమారి మంచానికి వేలాడుతున్న కార్డు తీసుకుంది. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"సుభా, ఈ వారాలు ఎప్పటినుంచి లెక్కపెడతారు మీ ఆసుపత్రివాళ్ళు?"

"ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి."

"అంటే మొదటి రెండు వారాలూ కడుపే లేదుగా. మా లెక్క గర్భం నిలిచిన రోజు నుంచి. గొర్రెలకి మనం రాసుకున్నది పొట్టేలుతో జతకట్టిన రోజు నుంచి."

ఇదేమీ సుభాషిణికి తెలియని సంగతి కాదు. మొదటి సంవత్సరం పిల్లలకి మొదటి గంటలో చెప్పే సంగతి. ప్రతి ఏడూ చెప్తూనే ఉంది.

"ఆ రెండు వారాలూ మీరు కలిపే ఉంటారనుకున్నాను. సరిచూసింది మీరే కదా" అంది.

"కార్డు మీ ఇంగ్లీషు వైద్యానిది. మార్చి రాశావనే అనుకున్నాను తల్లీ. నేను నెలలే చూశాను" అంది రమణకుమారి. కార్డు తిరిగి తగిలించడానికి ఆమెకి రెండు మూడుసార్లు పట్టింది.

ఆరేళ్ళు ఒకరి మాట ఇంకొకరి మాటలోకి మార్చుకుంటూ కూర్చున్న ఇద్దరు పండితులూ, మార్చాల్సిన ఒక్క అంకెని మాత్రం ఎదుటివాళ్ళు మార్చేశారనుకుని ఊరుకున్నారు. ఎనభై నాలుగో రోజున చేశారు ఆ పని. ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది!

పెద్ద డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. తల్లిలోని ముక్కల్ని మందుతో చంపెయ్యొచ్చు. తల్లి గండం గట్టెక్కుతుంది, ఉమ్మనీరు ఎండి బిడ్డ పోతుంది. లేదా ఉప్పు డ్రిప్పు ఎక్కిస్తూ, గంటగంటకీ రక్తం చూస్తూ, నీళ్ళు తాగనిస్తూ ముప్పై నాలుగో వారం దాకా లాక్కుపోవచ్చు. అంటే ఇంకా నాలుగున్నర నెలలు. మధ్యలో ఏ రోజైనా ఇద్దరూ పోవచ్చు.

చెప్పాల్సింది సునందకి. ఏమని చెప్పాలి? అనుకోని దుష్ఫలితం అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎవరూ అడిగేవారు కాదు. రమణకుమారి అలాగే అనమంది కూడా, "దాని ప్రాణం కుదుటపడనివ్వు, తరవాత చెప్దువుగాని" అని. సుభాషిణి గదిలోకి వెళ్ళి చెల్లెలి పక్కన కూర్చుని, రెండు దారులూ చెప్పి, ఆ తరవాత కార్డు చూపించి రెండు వారాల సంగతి కూడా చెప్పేసింది. చెప్పకుండా నిర్ణయం తీసుకోమనడం ఆమె వల్ల కాలేదు.

సునంద గ్లాసు తీసుకుని తాగింది, ఇంకోటి తాగింది.

"ఇంతేనా అక్కా? పద్నాలుగు కలపడం మర్చిపోయావా?"

"అవును."

"మందు వద్దు. ఇది అడుగుతా ఉంది. రెండుసార్లు అడగలేక పోయినయ్యి, ఇది నోరు తెరిచి అడుగుతా ఉంది. నేను కాదంటానా?" కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "నిన్ను మాత్రం క్షమించను. తిట్టే ఓపిక కూడా లేదు. ఇక్కణ్ణించి కదలబాక. ప్రతి గ్లాసూ నీ చేత్తోనే ఇవ్వు. కొలిచి ఇవ్వు. ఈసారన్నా సరిగ్గా లెక్కపెట్టు."

సుభాషిణి కదల్లేదు. కమిటీకి తన తప్పుని తేదీలతో సహా రాసి పంపింది. కమిటీ ప్రయోగం ఆపేసింది, గొర్రెల్ని ఎవరో తోలుకుపోయారు. ఆమెకి ఆ దిగులు కూడా పట్టలేదు. గ్లాసుకి నూట యాభై మిల్లీలీటర్లు, గ్లాసుకో గీత. డ్రిప్పు చుక్కలు, సోడియం అంకె, ఉమ్మనీరు అంకె. నూట ఇరవై ఒకటి అంటే గుండె దడ, నూట ఇరవై ఎనిమిది అంటే ఒక గంట నిద్ర. సునందకి ఇంకో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. రెండోసారి నాలుక కరుచుకుని మూడు రోజులు మాట్లాడలేకపోయింది, వేలితో గ్లాసు చూపించేది. సాంబ డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చి కాళ్ళ దగ్గర కూర్చునేవాడు. వదినతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు.

ముప్పై నాలుగో వారం మొదటి రోజున, పదకొండింటికి, ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. కీచుమని ఏడ్చింది. బొడ్డు కోశారు. తలవైపు నిలబడ్డ సుభాషిణి అలవాటుగా తడిగుడ్డ చెల్లెలి పెదవులకి అద్దబోయింది. సునంద మొహం పక్కకి తిప్పుకుంది.

"వద్దక్కా. దప్పిక లేదు" అంది. ఒక్క క్షణం ఆ హాయికి కళ్ళు మూసుకుంది, మరుక్షణం బెదిరిపోయి తెరిచింది. "లేదేంటక్కా? ఎక్కడికి పోయింది?"

ఎక్కడికీ పోలేదు. బొడ్డుతాడుతో పాటే బిడ్డ కబురూ తెగిపోయింది కాబట్టి ముక్కలు వారంలోగా కరిగిపోయాయి. బిడ్డలో వెతికితే ఏమీ దొరకలేదు. నిరుపమ అని పేరు పెట్టుకున్నారు. ఆకలేస్తే ఏడ్చేది, పాలు తాగేది, నవ్వేది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దాహం ఒక్కటే లేదు. అది నేర్పాల్సిన మొగ్గ నేర్పకముందే ముక్కలైపోయింది. ఎంత ఎండలో ఉన్నా, ఎంత జ్వరం వచ్చినా, నీళ్ళు కావాలని ఆ పిల్లకి ఎప్పటికీ తెలియదు.

నాలుగేళ్ళు గడిచాయి. సుభాషిణి చెల్లెలి ఇంటి పక్క వాటాలోకి మారింది, దగ్గర్లోని కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. గంటకోసారి ఎవరో ఒకరు "నిరూ, టైమైంది" అనాలి, పిల్ల వచ్చి తాగాలి. మందు తాగినట్టు, మొహం ముడుచుకుని, చెప్పిన మాట వినే పిల్ల కాబట్టి తాగేది. సునందా అక్కా మళ్ళీ మాట్లాడుకుంటున్నారు, కూరలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. ఆసుపత్రి ఊసు మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

మే నెల రెండో వారం. రోహిణి కార్తె ఇంకా రాలేదు గానీ అప్పుడే రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. సునంద, సాంబ తెనాలిలో పెళ్ళికి వెళ్ళారు. పదిన్నరకి సుభాషిణి పిల్లకి నీళ్ళు తాగించి, బొమ్మల పుస్తకం చేతికిచ్చి, స్నానానికి వెళ్ళింది. వచ్చేసరికి పుస్తకం గుమ్మంలో ఉంది. గేటు తీసి ఉంది.

"నిరూ!"

పక్కిళ్ళు, మేడ మీద, కిరాణా కొట్టు, ఎక్కడా లేదు. పదకొండున్నర అయింది. పన్నెండున్నర అయింది. సుభాషిణి చెప్పులు లేకుండా వీధులు తిరిగింది. కాళ్ళు కాలుతున్న సంగతి కూడా ఆమెకి తెలియలేదు. ఇంకో పిల్లయితే దారి తప్పినా ఎవరినో నీళ్ళడుగుతుంది, ఏడుస్తుంది, ఏ గుమ్మమో ఎక్కుతుంది. ఈ పిల్ల ఏ అరుగు మీదో ఆడుకుంటూ ఆడుకుంటూ అలాగే ఒరిగిపోతుంది. సునందకి ఫోన్ చెయ్యాలి. చేసి ఏమని చెప్పాలి? గంట లెక్క మళ్ళీ తప్పాననా? నంబరు నొక్కి, మోగకముందే ఆపేసింది. ఆ పిరికితనానికి తన మీద తనకే అసహ్యం వేసింది. మళ్ళీ నొక్కింది. సునంద ఎత్తింది. మొత్తం విని, "వెతుకు" అని ఒక్క మాట అని పెట్టేసింది.

ఒంటిగంట దాటాక, ఆటోస్టాండ్ దగ్గర గుంపు కనబడింది. ఆటోవాళ్ళు వేసిన చలివేంద్రం అది. తాటాకు పందిరి, ఎర్రగుడ్డ చుట్టిన నాలుగు కుండలు. కుండల వెనక స్టూలు మీద నిలబడి, రెండు చేతులా ముంత పట్టుకుని, నిరుపమ వచ్చినవాళ్ళకి వచ్చినట్టు నీళ్ళు పోస్తోంది.

"మీ పాపా అమ్మా?" అన్నాడు ఆటో డ్రైవరు ఒకడు. "ఎవరి పిల్లో, అమ్మోళ్ళు వస్తారులే అని చూస్తన్నాం. రెండు గంటల్నించి దిగమన్నా దిగట్లే. ఒక్క చుక్క కింద పొయ్యకుండా పోస్తా ఉంది, బంగారుతల్లి!"

సుభాషిణి గుంపుని తోసుకుని వెళ్ళి పిల్లని ఎత్తుకుంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. పెదవులు పగిలి అట్టలు కట్టాయి, కళ్ళు లోతుకి పోయాయి, చెమటైనా లేదు. చేతులు మాత్రం మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. రెండున్నర గంటలకి పైగా ఒక్క గుక్క తాగలేదు.

"తాగు నిరూ. తాగమ్మా." ముంత నోటికి ఆనించింది. కొన్ని నీళ్ళు పిల్ల గౌను మీద ఒలికాయి.

నిరుపమ చెప్పినట్టే మెల్లమెల్లగా తాగింది. ముంత ఖాళీ అయ్యాక తల ఎత్తి పందిరి ముందు నిలబడ్డవాళ్ళ వైపు చూసింది. ఒక ముసలాయన చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆయన వెనక పుస్తకాల సంచితో ఒక అమ్మాయి, ఆ వెనక రిక్షా ఆపి ఇంకొకాయన.

"పెద్దమ్మా" అంది బొంగురు గొంతుతో, "వీళ్ళకి టైమైందని ఎవరు చెప్తున్నారు?"